రామదాసు చెప్పిన ఓడ సినిమా

బాగన్ దాతుక్ రామదాసుకు ఈ లోకంలో తెలిసిన సినిమా ఒక్కటే. అందులోనూ ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా సరే, దాని అర్థం పదిమందికీ విప్పి చెప్పకుండా ఆయన ఒక్క వారమైనా ఊరుకున్న పాపాన పోలేదు. ఇదీ ఆయన జబ్బు. దీనికి బాగన్ దాతుక్‌లో మందు లేదు, కౌలాలంపూర్‌లోనూ లేదు. ఆయన మేనకోడలు యోగేశ్వరి పుట్టిన దగ్గర్నుంచీ ఈ జబ్బుతో వేగుతోంది. ఆవిడ జుట్టు నెరిసింది, నడుం పట్టేసింది, కళ్ళద్దాలొచ్చాయి. మామ గొంతు మాత్రం బొంగురుపోలేదు.

యూరప్‌లో ఎక్కడో యాభైల్లో తీసిన రంగుల సినిమా అది. సినిమా కాకముందు పాటల ప్రేమ నాటకమట. ఆపరెట్టా అంటారట. మన పద్యనాటకంలో లాగే, అప్పులవాడు తలుపు కొట్టినా రాగం తీసి గానీ గడియ తీయరు. దాని అసలు పేరు పలకడానికి ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని 'ఓడ సినిమా' అన్నారు.

అది ఊరి కొబ్బరి ఎస్టేటులోకి రావడమే పొరపాటున వచ్చింది. ఆ రోజుల్లో కంపెనీ వాళ్ళ వ్యాను నెలకోసారి వచ్చి, బంతాట మైదానంలో తెల్లగుడ్డ కట్టి, కూలీలకి ఓ తమిళ సినిమా వేసి పోయేది. ఓ నెల పెట్టెలు తారుమారయ్యాయి. దొరల క్లబ్బుకి పోవలసిన సినిమా కూలీలుండే ఇళ్ళ లైన్లకి వచ్చింది, కూలీలది క్లబ్బుకి పోయింది. ఆ సాయంత్రం దొరలు విస్కీ గ్లాసులు పట్టుకుని ఏ అమ్మవారి మహిమలు చూశారో పాపం. ఇక్కడ మాత్రం తెరమీద ఓ తెల్లపిల్ల గుండ్రంగా తిరుగుతూ పాడుతోంటే జనం చాపలు చుట్టడం మొదలుపెట్టారు. అప్పుడు కొబ్బరి ఎండబెట్టే బట్టీ దగ్గర పనిచేసే కుర్ర రామదాసు లేచి, వ్యాను వాడి చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"కూకోండి, కూకోండి. అర్థం నాను సెప్తాను గదా."

"నీకు దొరల బాస ఎప్పుడొచ్చినాది?" అని ఎవరో అడిగారు.

"దొర రోజూ నాతోనే గదా మాటాడతాడు."

అది నిజమే. దొర ఆయనతో రోజూ 'గెటవుట్' అనేవాడు. తెరమీద మాట్లాడుతున్నది ఇంగ్లీషు కూడా కాదని రామదాసుకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు. ఆ మైదానంలో చెప్పేవాడు కూడా వెర్రివాడే కావడం వల్ల కథ మహా రక్తి కట్టింది.

తెరమీది తెల్లపిల్ల ఆయన నోట రేవు ఊళ్ళో పూటకూళ్ళమ్మ కూతురు సిన్నమ్మి అయింది. ఆమెను ప్రేమించిన నౌకాదళం అధికారి ఓడ గుమాస్తా అయ్యాడు. మీసాల సేనాపతి సిన్నమ్మికి మేనమామ అయ్యాడు. వందమంది జంటలుగా తిరిగే నాట్యం వచ్చినప్పుడు, "ఇది ఆళ్ళ ఊరి తప్పెటగుళ్ళు" అన్నాడు. సిన్నమ్మి ఫౌంటెన్ పక్కన నిలబడి, ముప్ఫై వాయిద్యాల మధ్య గుండె పగిలేలా పాడిన పాటంతా ఓపిగ్గా విని, "ఆకలేస్తందంట" అన్నాడు. సేనాపతి మాత్రం ఒక్కసారి దగ్గితే, అందులోంచి ఆస్తి తగాదా, పాత పగ, తోటలో పాము తీసి, సేనాపతి నోరు మూసినా తాను మూయలేదు.

చిట్టచివర ఓడ ఉంది. గుమాస్తా ఓడెక్కుతాడు. సిన్నమ్మి రేవులో చేతిరుమాలు ఊపుతుంది. ఓడ చిన్నదవుతూ, చిన్నదవుతూ చుక్కయి పోతుంది. దీనికి కళ్ళున్న ఎవరైనా ఒకటే అర్థం చెబుతారు. రామదాసు మాత్రం మైకు నోటికి ఆనించి, "ఓడ వస్తన్నాది, సూడండి. గోస్తాన్‌లో వస్తన్నాది" అన్నాడు. మలేషియాలో బండిని వెనక్కి నడపడాన్ని గోస్తాన్ అంటారు. లారీ డ్రైవరు దగ్గర్నుంచి బడిపిల్లల దాకా అందరికీ వచ్చిన మాటే.

"సిన్నదైపోతన్నాది గదరా," అన్నారు జనం.

"దూరం నుంచి వస్తంటే సిన్నగానే ఉంటాది మరి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, ఆ రోజు పట్టిన ఓడను రామదాసు మళ్ళీ వదల్లేదు. ఎస్టేటులో పామాయిలు మొక్కలొచ్చాయి, దొరలు వెళ్ళిపోయారు, కూలీలైన్లు కూలిపోయాయి. ఆయన మాత్రం ఆ సినిమా వీడియో క్యాసెట్టు సంపాదించాడు, అది అరిగిపోతే డిస్కు సంపాదించాడు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి కట్టేయమనే వాళ్ళు ఇంట్లో లేరు. రక్తపోటు చూడ్డానికొచ్చిన నర్సమ్మ, కొబ్బరికాయలు దింపడానికొచ్చినవాడు, దారి తప్పి నీళ్ళడిగిన చైనా సైకిలు యాత్రికుడు, అందరూ ఆయన సోఫాలో కూర్చుని, ఓడ వెనక్కొచ్చేదాకా చూసి వెళ్ళినవాళ్ళే. కథ మనిషిని బట్టి మారేది. ఓడ మాత్రం ప్రతిసారీ వెనక్కే వచ్చేది.

యోగేశ్వరి చిన్నప్పుడు ఈ సినిమాను నమ్మింది. నమ్మడమే ఆవిడ చేసిన తప్పు. చదువైపోయి పోర్ట్ క్లాంగ్‌లో ఓడల ఏజెంటు ఆఫీసులో చేరిన కొత్తలో, రేవులోకి ముక్కు ముందుపెట్టి వస్తున్న ఓడను చూసి, "ఇదేంటి సార్, తిరగేసి వస్తోంది?" అని పై అధికారిని అడిగింది. ఆయన నవ్వి, పక్కవాడికి చెప్పి మళ్ళీ నవ్వాడు. ఇన్నేళ్ళయినా ఆ రేవులో లారీ డ్రైవర్లు ఆవిణ్ణి 'గోస్తాన్ అక్కా' అనే పిలుస్తారు. కస్టమ్స్ వాళ్ళు కూడా.

ఇప్పుడు ఆవిడ గోదాములో షిఫ్టులు చూస్తుంది. కంటైనర్లు ఆలస్యం, లారీలు ఆలస్యం, జనం మీద జనం అరుపులు. ఇంటికొస్తే తల్లి దేవుడమ్మ మోకాళ్ళు, కూతురు లోగేశ్వరి కాలేజీ, చెడిపోయిన వాషింగ్ మెషీను. యోగేశ్వరి అలసిపోయి చాలా కాలమైంది. అలసిపోయానని కూర్చుంటే లేపి ఇంకో పని చెబుతారని, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో లోగేశ్వరి ఓ పొద్దున్న ల్యాప్‌టాప్ తీసుకుని తల్లి మంచం మీదకొచ్చింది. సినిమాల చదువు చదువుతోంది ఆ పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడాలంటే సగం దూరం వెళ్ళి ఆగిపోతుంది, మలేషియాలో అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది.

"అమ్మా, తాత ఓడ సినిమా దొరికింది. కొత్తగా బాగు చేసినారు లా. కింద మలాయి అక్షరాలు కూడా ఉన్నాయి, సబ్‌టైటిల్స్. ఆదివారం బాగన్ దాతుక్ తెలుగు సంఘం హాల్‌లో వేస్తాను. గ్రూప్‌లో పెట్టేసినా, అందరూ వస్తారంట."

"మంచిదే," అంది యోగేశ్వరి కళ్ళు తెరవకుండా. ఆదివారం సెలవు అడగాలన్న దిగులు తప్ప అప్పటికి ఆవిడకి ఇంకో దిగులు లేదు.

ఆదివారం కారు క్లాంగ్ దాటి, ఎటు చూసినా పామాయిలు చెట్ల వరసలే ఉన్న రోడ్డెక్కింది. ముందు సీట్లో దేవుడమ్మ అంత దూరమూ నోరు విప్పలేదు. దేవుడమ్మ మాట్లాడకపోవడమంటే కారుకి ఏదో అయిందనే అర్థం.

"ఏటమ్మా, మోకాలా?" అంది యోగేశ్వరి.

"మోకాలు కాదే. ఆ మలాయి అచ్చరాల్లో ఓడ ఎటెల్తాది?"

"ఎటెల్తుంది అమ్మమ్మా, వెళ్ళిపోతుంది," అంది వెనక సీట్లోంచి లోగేశ్వరి. "ఆ నేవీ ఆఫీసర్ నిజానికి ప్రిన్స్. సొంత దేశం పోయి వేరే పిల్లని పెళ్ళి చేసుకోవాల. ఇంక రాను అని పాడతాడు. చాలా సాడ్ లా."

"మరి శాంతొదిన సూస్తాది గదా," అంది దేవుడమ్మ.

శాంతాదేవి ఎవరో యోగేశ్వరికి తెలుసు. పడవల రేవు దగ్గర నాసి లెమాక్ కొట్టు పెట్టుకుని, కొబ్బరిపాల అన్నం అరిటాకులో చుట్టి అమ్మే శాంతత్త. చుట్టరికం కాదు, ఊళ్ళో వరస. డెబ్బై దాటినా జడలో మల్లెపూలు లేకుండా కనబడని మనిషి. ఆవిడకి ఒకప్పుడు మొగుడున్నాడనీ, ఓడ పనికి వెళ్ళాడనీ కూడా విన్నది. ఆ ముక్కని ఈ ముక్కతో కలిపి చూసే తీరిక మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

దేవుడమ్మ చెప్పింది. శాంత మొగుడు సింగపూర్లో ఓడెక్కాడు. ఏడాదిలో వస్తానన్నాడు. ఏడాది దాటింది, మనిషి లేడు, కబురు లేదు. ఎస్టేటు పెద్దలు కూర్చుని, మొగుడు పోయినట్టే లెక్క, పిల్ల చేత పూలు, గాజులు తీయించాలని తీర్మానించారు. తీయించే రోజు కూడా అనుకున్నారు. దానికి ముందు సాయంత్రం వ్యాను వచ్చింది. శాంత ముందు వరస చాపలో కూర్చుంది. తెరమీద సిన్నమ్మి రుమాలు ఊపుతుంటే, మైదానంలో జనమంతా సినిమా మానేసి శాంత మొహమే చూశారు.

"అప్పుడు మా అన్న గోస్తాన్ అన్నాడే," అంది దేవుడమ్మ. "జనం నవ్వినారు. శాంతొదిన కూడా నవ్వింది. మర్నాడు పెద్దలు కూకుంటే ఎవులో అన్నారంట, ఓడ వస్తాదేమో లా, తొందరేటి అని. ఇంక పూల మాట ఎవులూ ఎత్తనేదు. మళ్ళీ ఎత్తుతారేమోనని మా అన్న ఆ సినిమా ఆపనేదు."

ఇన్నేళ్ళూ తనను నవ్వులపాలు చేసిన ఆ ఒక్క మాట మీద ఓ ఆడమనిషి పూలు నిలబడ్డాయన్న సంగతి యోగేశ్వరికి మింగుడు పడలేదు. మామ మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. బదులుగా ఏడుపొచ్చింది. స్టీరింగు పట్టుకుని ఏడవడం కుదరదు కాబట్టి కూతుర్నడిగింది.

"ఆ అక్షరాలు తీసెయ్యొచ్చా?"

"సినిమాలోనే కలిసిపోయి ఉన్నాయమ్మా. తీయ రాదు." లోగేశ్వరి ముందు సీటు మీదకి వంగింది. "నాకు ఎవరూ చెప్పలేదు."

ఆ పిల్ల తప్పు కూడా కాదు. ఎవరి తప్పూ కాని పనులన్నీ చివరికి యోగేశ్వరి నెత్తి మీదే పడతాయి.

ఇంటికి చేరేసరికి రామదాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు కోసం మిరియాల కషాయం తాగుతూ కనిపించాడు. మూడు గంటల సినిమాకి గొంతు ముఖ్యం. యోగేశ్వరి సంగతంతా చెప్పింది. మలాయి అక్షరాలన్నాక కషాయం గ్లాసు కింద పెట్టాడు.

"మొత్తం రాసేసినారా? పాటలకి కూడానా?"

"పాటలకి కూడా మావా."

"ఫౌంటెన్ పాటకి ఏటుంది?"

"నువ్వు లేని వసంతం వసంతం కాదు అని ఉంది తాతా," అంది లోగేశ్వరి.

రామదాసు గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆకలి గురించి ఏటీ నేదా?" అన్నాడు.

తరవాత ఆయన ఊరికే కూర్చోలేదు. హాలు చూసుకునే శివనేశన్ దగ్గరికి నడిచి వెళ్ళి, సినిమా చివర్లో ఒక్క నిమిషం కరెంటు తీయమన్నాడు. శివనేశన్ నిజాయితీపరుడు, తీయనన్నాడు. పోనీ చివర్లో పాము వచ్చిందని అరవమన్నాడు. శివనేశన్ నిజాయితీ పాముల దాకా కూడా ఉంది. ఆకాశం వైపు చూస్తే వాన కూడా లేదు. అప్పుడు రామదాసు హాలు మెట్ల మీద కూలబడ్డాడు. యోగేశ్వరి మామను ఎప్పుడూ ముసలివాడనుకోలేదు, ఆ మెట్ల మీద అనుకుంది.

"మావా, అక్షరాలుంటే ఏం? నీ పాటికి నువ్వు చెప్పు."

"అందరికీ మలాయి సదవడం వొచ్చు గదమ్మీ. కింద ఒకటి, నా నోట్లో ఒకటి ఎలగ? రాసిన దాని ముందు వాగిందెవుడింటాడు. అయినా నాకూ ఓపిక నేదు. శానా ఏళ్ళు లాగినాను ఆ ఓడని."

హాలు నిండింది. శాంతాదేవి మల్లెపూలు పెట్టుకుని, పాత అలవాటు కొద్దీ ముందు వరసలోనే కూర్చుంది. రామదాసు చేతికి మైకు ఎవరూ ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. శాంతాదేవికి రెండు కుర్చీల అవతల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సినిమా మొదలైంది. పాపం, మంచి సినిమాయే. రంగులు కడిగినట్టున్నాయి, పాటలు గంటలు మోగినట్టున్నాయి. జనం మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సేనాపతి మేనమామ కాదట. తోటలో పాము లేదట. ఫౌంటెన్ పాట దగ్గర అలవాటైన నాలుగైదు గొంతులు చీకట్లోంచి "ఆకలేస్తందంట" అని, జవాబు లేక ఆగిపోయాయి. యోగేశ్వరికి నిద్ర ముంచుకొస్తోంది గానీ భయం నిద్ర పోనివ్వడం లేదు. ఆవిడ మామనీ శాంతత్తనీ మార్చి మార్చి చూస్తూనే ఉంది.

ఓడ వచ్చింది. గుమాస్తా ఎక్కాడు. 'ఇక రాను, నన్ను మరిచిపో' అని తెర అడుగున మలాయిలో, వెనక వరస ముసలివాళ్ళకి కూడా కనబడేంత లావు అక్షరాల్లో పడింది. సిన్నమ్మి రుమాలు తీసింది. హాలులో జనమంతా మళ్ళీ సినిమా మానేసి శాంతాదేవి మొహం చూశారు.

శాంతాదేవి తల తిప్పింది.

"ఏటి బావా, నోరు నొప్పా? ఓడ ఎటెల్తందో సెప్పవేటి?"

రామదాసు ఆవిడ వైపు చూశాడు, తెర వైపు చూశాడు.

"ఎల్లిపోతన్నాది శాంతా."

"తెల్సు," అంది శాంతాదేవి. "నా బాబు సంపాను పడవ నడిపినోడు. నాను పడవలో పెరిగినాను. ఓడకి మొకమేదో ఎనకేదో నాకు తెల్దేటి? ఆ మొదటి రోజే తెల్సు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు కూకున్నావు?"

"నువ్వు సెప్తంటే బాగుంటాది. ఊరంతా నిజం సెప్పడానికి లేసినప్పుడు నాకోసం అబద్దం ఆడినోడివి నువ్వొక్కడివే గదా. ఇనకపోతే ఎలగ?" అని, ఆవిడ జడ సర్దుకుంది.

తెరమీద ఓడ చుక్కయి పోయింది. పేర్లు పడ్డాయి, అవీ అయిపోయాయి. తెర తెల్లగా మిగిలింది. శివనేశన్ లైట్లు వేయబోతే యోగేశ్వరి చెయ్యెత్తి ఆపింది.

"నిజంగా ఎల్లిపోనాడని తేలింది గదా," అంది శాంతాదేవి. "మరి ఆ పిల్ల ఏటయినాది? దాని గురించి కింద ఏటీ రాయనేదు."

రామదాసు లేచి నిలబడ్డాడు. తెరమీద బొమ్మ లేదు, చేతిలో మైకు లేదు. ఇంత ఖాళీగా ఆయన ఎప్పుడూ సినిమా చెప్పలేదు.

"ఏటవుతాది? ఆ పిల్ల రుమాలు మడిసి బొడ్లో దోపింది. కొన్నాళ్ళు ఏడిసింది. ఎవులూ సూడకుండా ఏడిసింది. తరవాత ఆ రేవుకాడే కొట్టెట్టింది. అన్నం వొండింది. ఊళ్ళో పిల్లలు సగం మంది దాని సేతి అన్నం తినే బడికెల్లినారు. యోగి ఎల్లింది, ఇదిగో, అడగండి."

యోగేశ్వరి తలూపింది. కొబ్బరిపాల అన్నం వాసన, తడి అరిటాకు, "మళ్ళీ ఎయ్యనా అమ్మీ" అనే గొంతు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒళ్ళంతా పట్టేసిన అలసట కాస్త సడలినట్టయింది.

"తెల్లారగట్ల లేసి పొయ్యెట్టీది. వానొచ్చినా లేసీది. ఓడకోసం కాదు. పిల్లలు ఆకలితో బడికి పోతారని. దానికి రాజు ఒద్దు, గుమస్తా ఒద్దు. అది ఎవులికోసమూ ఎదురుసూడనేదు. మేమే అలగ అనుకున్నాం."

పిల్లలు కూడా తెల్ల తెర వైపే చూస్తున్నారు, అక్కడేదో కనబడుతున్నట్టు.

"ఆ ఊళ్ళో ఎక్కువ మాటాడీవోడు ఒకడుండాలి గదా," అంది శాంతాదేవి. "ఆడేటయినాడు?"

రామదాసు గొంతు సవరించుకున్నాడు. "ఆడా? ఆడు రోజూ పొద్దున్న ఆ కొట్టుకాడ అన్నం తిని పనికి పోయినాడు."

"తినేసి పోడమేనా?"

దేవుడమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. వెనక వరసల్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రామదాసు ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర గుండీ ఒకటి విప్పాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సినిమా మద్దిలో ప్రశ్నలడక్కూడదు శాంతా," అన్నాడు.

లోగేశ్వరి మెల్లిగా, వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని, "తాతా, సినిమా అయిపోయింది," అంది.

"అయిపోయినాదని నీకెవులు సెప్పినారు?" అంటూ రామదాసు ఆ రెండు కుర్చీలూ దాటి వెళ్ళి, శాంతాదేవి పక్కన కూర్చున్నాడు.